మత్తు ఎక్కడుంది?

మా నాయిన తాటిచెట్టు దిగేసరికి లొట్టి పాడుతూ ఉండేది.

నల్లగొండ జిల్లాలో మూసీ పక్క ఊరు మాది. తెల్లవారక ముందే మోకు, ముత్తాదు భుజాన వేసుకొని నాయిన తాటివనానికి బయలుదేరితే వెనకాలే నేనూ మా అన్నా. నాయిన పైకి పోయి గెల కొసను కత్తితో ఉల్లిపొరంత పలుచగా గీసి, రాత్రి కట్టిన లొట్టిని, అంటే కల్లుకుండను, విప్పి నడుముకు తగిలించుకొని దిగేవాడు. ఆయన కాలు నేలకు ఆనగానే నేను లొట్టికి చెవి పెట్టేవాణ్ణి. లోపల సన్నగా, ఎండుటాకుల మీద చినుకులు పడ్డట్టు ఒక చప్పుడు. మూతి దగ్గర తెల్లటి నురగ, నురగలో ఇరుక్కున్న రెండు మూడు తేనెటీగలు.

"ఏం జెప్తుందిరా?" అని అడిగేవాడు నాయిన.

"ఉడుకుతుంది నాయినా."

"పొయ్యి లేకుండనే?"

పొయ్యి లేకుండా ఉడకడం ఎలాగో నాకు చదువుకున్నాక తెలిసింది. తెలిసిన తర్వాత 31 ఏళ్లు డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం చెప్పాను. కాని ఆ లొట్టిలోనే ఇంకో ప్రశ్న ఉంది. మా అన్న పోయాక అది నన్ను పట్టుకుంది, ఇప్పటికీ విడవలేదు. కల్లు తాగితే మత్తు వస్తుంది. ఆ మత్తు తాగక ముందు ఎక్కడుంది? లొట్టిలోనా, తాగినవాడిలోనా? లొట్టిలో ఉంటే పాపం లొట్టిది. తాగినవాడిలో ఉంటే పాపం వాడిది. మా కులం పని చెడ్డదా, మా అన్న చెడ్డవాడా అని నన్ను నేను అడుక్కున్న రాత్రులు చాలా ఉన్నాయి. ఆ రెండు ప్రశ్నలకూ ఔనని అనలేకనే ఇది రాస్తున్నాను.

మన పాఠ్యపుస్తకాల్లో పులియడానికి కిణ్వనం అనే మాట ఉంది. ఎవరో పండితులు నిన్న మొన్న తయారుచేసిన మాట అనుకుంటారు పిల్లలు. కాని కిణ్వం, అంటే పులియబెట్టే దినుసు, చాలా పాత మాట. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో సురాధ్యక్షుడి ప్రకరణంలో కిణ్వం ఎలా కలపాలో లెక్క ఉంది. అంతకన్నా ముఖ్యంగా, మన తత్వశాస్త్రంలో ఒక పెద్ద వాదం ఈ మాట మీదే నిలబడింది. చార్వాకులు ఆత్మ లేదన్నారు. మట్టి, నీరు, నిప్పు, గాలి దేహంగా కలిసినప్పుడు వాటిలోంచే చైతన్యం పుడుతుందన్నారు. విడివిడిగా ఏ ఒక్కదానిలోనూ లేనిది కలయికలో ఎలా పుడుతుందని అడిగినవాళ్లకు వాళ్లు చూపించింది సురను. కిణ్వం, తక్కిన దినుసులు కలిస్తే మదశక్తి పుట్టడం లేదా, ఇదీ అంతే అన్నారు. 14వ శతాబ్దంలో మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహంలో మొదటి అధ్యాయమే చార్వాకులకు ఇచ్చి ఈ ఉపమానాన్ని చెప్పాడు. అంతకు ఎంతో ముందే శంకరులు బ్రహ్మసూత్ర భాష్యంలో దీన్ని ఎత్తుకొని ఖండించే పని పెట్టుకున్నారు.

ఈ సంగతి మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం చెప్పనలవి కాదు. మా వాకిట్లో లొట్టి ఉందని పక్కింటివాళ్లు ముఖం తిప్పుకొనే రోజుల్లో పెరిగినవాణ్ణి. ఆత్మ ఉందా లేదా అని తేల్చుకోవడానికి ఈ దేశపు పెద్ద బుర్రలన్నీ వచ్చి చూసింది ఆ లొట్టిలోకే.

సరే, మనమూ చూద్దాం.

తాటిచెట్టు నుంచి దిగే నీరాలో నూటికి 12 పాళ్ల దాకా చక్కెర ఉంటుంది. లొట్టి లోపల సున్నం పూస్తే అది తియ్యగానే మిగులుతుంది. పూయకపోతే, నిన్నటి లొట్టి గోడకు అంటుకొని ఉన్న ఈస్ట్ పని మొదలుపెడుతుంది. అది చక్కెరను విరిచి గ్లూకోజు చేసుకుంటుంది, ఆరు కార్బన్ల గ్లూకోజును మూడేసి కార్బన్ల రెండు ముక్కలు చేస్తుంది. దాని బతుకు ఈ విరుపులోనే ఉంది. ఒక్కో గ్లూకోజుకు నికరంగా రెండు ఏటీపీ అణువుల శక్తి దాని చేతికి వస్తుంది. అయితే విరిచే దారిలో ఒకచోట ప్రతి ముక్క నుంచీ రెండు ఎలక్ట్రాన్లు, వాటితో హైడ్రోజను బయటికి తీయాలి. తీయకపోతే పని ముందుకు సాగదు. తీసినదాన్ని ఎందులోనో పట్టాలి. పట్టే పాత్ర పేరు ఎన్.ఎ.డి.

ఇది పిల్లలకు చెప్పేటప్పుడు నాకు నాయిన లొట్లే గుర్తొచ్చేవి. మా ఇంట్లో లొట్లు లెక్కగా ఉండేవి. పొద్దున దించినవి పొద్దున్నే వంచకపోతే సాయంత్రం కట్టడానికి లొట్టి ఉండదు, గెల నుంచి కారేది నేలపాలు. ఈస్ట్ కణంలో ఎన్.ఎ.డి. కూడా అలాగే కొద్దిగానే ఉంటుంది. నిండినవాటిని వెంటవెంటనే వంచి ఖాళీ చేసుకోకపోతే, చుట్టూ చక్కెర సముద్రమంత ఉన్నా కణం ఆకలితో చస్తుంది. గాలి బాగా ఆడేచోట ఆక్సిజన్ వచ్చి ఆ ఎలక్ట్రాన్లను తీసుకొని నీరవుతుంది. నురగ కప్పిన లొట్టి లోపల గాలి ఎక్కడిది? (చక్కెర మరీ ఎక్కువగా ఉంటే గాలి ఉన్నా ఈస్ట్ ఇదే దారి పడుతుంది. అదో వేరే కథ.) అప్పుడు ఈస్ట్ ఏం చేస్తుందంటే, తాను విరిచిన ముక్క నుంచే ఒక కార్బన్‌ను బొగ్గుపులుసు వాయువుగా వదిలేస్తుంది. నేను చెవి పెట్టి విన్న చప్పుడు అదే. మిగిలిన రెండు కార్బన్ల ముక్క ఎసిటాల్డిహైడ్. నిండిన లొట్లను దానిలో వంచేస్తుంది. వంచగానే అది ఆల్కహాల్ అవుతుంది.

ఆల్కహాల్ చేయాలన్న కోరిక ఈస్ట్‌కు ఏ కోశానా లేదు. దానికి కావలసింది ఖాళీ లొట్టి. వంచిన చోటు మనకు కల్లు అయింది.

ఈ లెక్కను మొదట తూకం వేసి చూసినవాడు లావోజియే. 1789లో అచ్చయిన తన రసాయన శాస్త్ర గ్రంథంలో, చక్కెరలో ఒక భాగం మరో భాగం నుంచి ఆక్సిజన్ తీసుకొని బొగ్గుపులుసు వాయువు అవుతుందనీ, పోగొట్టుకున్న భాగం ఆల్కహాల్ అవుతుందనీ రాశాడు. ఎలక్ట్రాన్ పేరు ఇంకా ఎవరికీ తెలియని రోజుల్లో ఆక్సీకరణ, క్షయకరణల గుట్టు అంతా ఆ ఒక్క మాటలో ఉంది. 180 గ్రాముల గ్లూకోజు పోతే 92 గ్రాముల ఆల్కహాల్, 88 గ్రాముల వాయువు. ఒక వైపు ఎంత పోయిందో మరో వైపు అంతే వచ్చింది. బయటి నుంచి లొట్టిలోకి వచ్చింది ఏమీ లేదు. ఇంకో లెక్క కూడా చూడండి. ఆ గ్లూకోజును కాలిస్తే వచ్చే వేడిలో నూటికి 97 పాళ్లకు పైగా ఆ 92 గ్రాముల ఆల్కహాల్‌ను కాల్చినా వస్తుంది. అంటే ఈస్ట్ తిన్నది చాలా కొద్ది. దాదాపు అంతా మరొకరి కోసం మిగిల్చి పోయింది.

ఇప్పుడు చార్వాకుల దగ్గరికి వస్తాను. మదశక్తి ఎక్కడ పుట్టింది?

నా ప్రయోగశాలలో స్పిరిట్ దీపం ఉండేది. దాని కడుపు నిండా ఆల్కహాలే. దీపం ఏనాడూ తూలలేదు. సీసాలో ఏళ్ల తరబడి ఉన్న ఇథనాల్ ఏనాడూ మత్తెక్కలేదు. లొట్టిలో ఉన్నది రెండు కార్బన్ల ఒక చిన్న అణువు, అంతే. మత్తు పుట్టాలంటే అప్పటికే మెలకువగా ఉన్న ఒక మనిషి కావాలి. చైతన్యం లేనిచోట మత్తు అనే మాటకు అర్థం లేదు. మత్తు అంటే చైతన్యానికి కలిగే మార్పు కదా. కనుక చైతన్యం ఎలా పుట్టిందో చెప్పడానికి మత్తును సాక్ష్యం తెచ్చినప్పుడు, తేల్చవలసిన దాన్నే ముందుగా అరువు తెచ్చుకున్నట్టయింది. ఆ ఉపమానం మీద నాకెంత ప్రేమ ఉన్నా ఈ లోపం ఉందని ఒప్పుకోక తప్పదు.

అలాగని ఆత్మవాదుల పక్షాన నిలబడలేను. ఈ కుండ దగ్గరే వాళ్ల తరహా వాదం ఒకసారి ఓడిపోయింది. లోపల జీవం పనిచేస్తేనే చక్కెర ఆల్కహాల్ అవుతుందని పాశ్చర్ అంతటివాడు నమ్మాడు. 1897లో జర్మనీలో ఎడువర్డ్ బుక్నర్ ఈస్ట్‌ను ఇసుకతో మెత్తగా నూరి, పిండి, రసం తీశాడు. ఒక్క కణమూ బతికి లేని రసం. చెడిపోకుండా ఉంటుందని దానిలో చక్కెర కలిపితే, బుడగలు వచ్చాయి. 1907లో ఆయనకు నోబెల్ బహుమతి ఇచ్చింది ఈ బుడగలకే. ఇక్కడ ఇంకేదో ఉండి తీరాలి అని గట్టిగా అన్నవాళ్లు అప్పుడు పొరబడ్డారు. రేపు చైతన్యం విషయంలోనూ పొరబడవచ్చు. రసాయనం చెప్పినవాడిగా నేను ఆ తలుపు మూయలేను.

ఈ ఇద్దరికన్నా నాకు దగ్గరగా తోచినవాడు బౌద్ధ తాత్వికుడు నాగార్జునుడు. మా జిల్లా అంచున కృష్ణ నీళ్ల నడుమ ఉన్న కొండకు ఆయన పేరే. ఏ వస్తువుకూ తనదంటూ విడిగా ఒక స్వభావం లేదని, ప్రతిదీ మరొకదాన్ని ఆనుకొనే ఉంటుందని ఆయన వాదించాడు. ఇది వినడానికి మబ్బులా ఉంటుంది. రసాయన శాస్త్రంలో అది రోజూ కనబడే సంగతి. ఏది ఆక్సీకరణి, ఏది క్షయకరణి అని పిల్లలు పట్టిక బట్టీ పడతారు. నిజానికి ఏ పదార్థమూ తనంతట తాను ఆక్సీకరణి కాదు. ఎదుట ఎవరున్నారన్నదాన్ని బట్టి అవుతుంది. వోల్టుల్లో చెప్పాలంటే ఎన్.ఎ.డి. జంట మైనస్ 0.32 దగ్గర, ఎసిటాల్డిహైడ్, ఆల్కహాల్ జంట మైనస్ 0.20 దగ్గర, ఆక్సిజన్, నీరు జంట ప్లస్ 0.82 దగ్గర ఉంటాయి. ఎలక్ట్రాన్లు కింది మెట్టు నుంచి పై మెట్టుకు పోతాయి. ఎన్.ఎ.డి. ముందు ఎసిటాల్డిహైడ్ పుచ్చుకునేది. ఆక్సిజన్ ముందు ఆల్కహాల్ ఇచ్చుకునేది. ఇచ్చేవాడు, పుచ్చుకునేవాడు అన్నవి ఆ ఇద్దరూ ఎదురుపడినప్పుడు పుట్టే పేర్లు. విషం, మందు, ప్రసాదం కూడా అలాంటి పేర్లే. మడి కట్టుకునే ఇళ్లలో ద్రాక్షారిష్టం ఔషధంగా చెల్లుతుంది. అందులోనూ తనంతట పుట్టిన ఆల్కహాల్ ఉంది. ఆషాఢంలో మా నాయనమ్మ ఎల్లమ్మ గుడి ముందు సాక పోసేది. ఆ కల్లు నేల మీద పడేది. మట్టిలోని సూక్ష్మజీవులు దాన్ని తిని, దాని ఎలక్ట్రాన్లను గాలిలోని ఆక్సిజన్‌కు అప్పజెబుతాయి. అక్కడితో అవి నీరై కథ ముగుస్తుంది. సాక పోయడంలో ఇంత అర్థం ఉందని ఆమెకు తెలియదు. నాకు తెలిసేనాటికి ఆమె లేదు.

ఇక మా అన్న సంగతి.

వనం కొట్టేసి ప్లాట్లు చేశాక అన్నకు పని లేకుండా పోయింది. కల్లు తాగి పెరిగినవాడు చౌక మందుకు మళ్లాడు. ఆ ఏడు మాఘంలో రెండు రోజులు తిండి ముట్టకుండా తాగి, రాత్రి అరుగు మీద పడుకున్నాడు. చలిలోనూ ఒళ్లంతా చెమట. మా వదిన కంగారుపడి నన్ను పిలిచింది. చుట్టుపక్కలవాళ్లు, "తాగి పన్నడు, లేపకుండ్రి, పొద్దుగాల దిగుతది" అన్నారు. నేనూ అదే అన్నాను. దుప్పటి కప్పి ఇంటికి వెళ్లాను. తెల్లారి లేపితే లేవలేదు. ఆసుపత్రిలో వేలికొన నుంచి చుక్క రక్తం తీసి చూసిన డాక్టరు, "ఎప్పుడు తిన్నాడు?" అని అడిగాడు. చక్కెర 30 కూడా లేదు. గ్లూకోజు ఎక్కించారు, అంకె పెరిగింది, అన్న మాత్రం కళ్లు తెరవలేదు. నాలుగో రోజు పోయాడు.

ఆ వారమే నేను తరగతిలో ఎసిటాల్డిహైడ్ ఆల్కహాల్ అయ్యే చర్య చెప్పాను. బోర్డు మీద బాణం గీశాను, తర్వాత దాని కిందే వెనక్కి తిరిగిన బాణం గీసి, "మన కాలేయంలో ఇది ఇలా జరుగుతుంది" అన్నాను. ఈస్ట్ దించుకున్న బరువును తాగినవాడి కాలేయం ఎత్తుకుంటుంది. ఆల్కహాల్‌ను మళ్లీ ఎసిటాల్డిహైడ్ చేస్తుంది, దాన్ని ఎసిటిక్ ఆమ్లం చేస్తుంది. ఈ రెండు మెట్లలోనూ ఎలక్ట్రాన్లు పట్టడానికి ఎన్.ఎ.డి. కావాలి, అంటే ఒక్కో ఆల్కహాల్ అణువుకు రెండు లొట్లు. గంటకు 7 నుంచి 10 గ్రాముల కన్నా మించి కాలేయం తీర్చలేదు. తాగుతూ పోతే దానిలోని లొట్లన్నీ నిండిపోయి ఉంటాయి. అప్పుడు మూడు కార్బన్ల ముక్క అయిన పైరువేట్ లాక్టేట్‌గా మారిపోతుంది, కొత్త చక్కెర తయారుచేసే దారి మూసుకుపోతుంది. తిండి తింటున్నవాడికి అది తెలియదు. రెండు రోజులు తిననివాడి కాలేయంలో దాచుకున్న చక్కెర అప్పటికే అయిపోయి ఉంటుంది. మెదడుకు అందించడానికి ఇక ఏమీ ఉండదు. ఈస్ట్ ఏ ఇబ్బందిలోంచి బయటపడటానికి ఆల్కహాల్ చేసిందో, సరిగ్గా ఆ ఇబ్బందే, ఖాళీ లొట్టి లేకపోవడమే, మా అన్న ప్రాణం తీసింది.

కచుడి కథ మీకు తెలుసు. శిష్యుడి బూడిద కలిసిన సురను శుక్రాచార్యుడు తెలియక తాగాడు. తెలిశాక సురాపానాన్ని శపించాడు. చిన్నప్పుడు ఆ కథ వింటే, శాపం మా లొట్టి మీదే పడ్డట్టు నాకు ముడుచుకుపోయినట్టుండేది. ఇప్పుడు వేరేగా అనిపిస్తుంది. ఆ ముసలి గురువు బాధంతా తాను ఏం మింగుతున్నాడో తనకు తెలియకపోవడం మీద. తెలియనందుకే ఆయన అంత మండిపడితే, తెలిసి కూడా దుప్పటి కప్పి వచ్చినవాడు ఏమనుకోవాలి? నాకు సమీకరణం తెలుసు. అరుగు మీద చెమటతో పడి ఉన్న మనిషిలో అది నాకు కనబడలేదు. మన పెద్దలు విద్యకూ జ్ఞానానికీ తేడా ఉందంటే అది వేదాంతుల మాట అనుకునేవాణ్ణి.

కనుక మత్తు ఎక్కడుంది అన్న ప్రశ్నకు, లొట్టిలోనూ లేదు, మనిషిలోనూ లేదు, రెండూ కలిసినచోట పుడుతుంది అనే చెబుతాను. లొట్టి నిర్దోషి. ఈస్ట్ నిర్దోషి. అందుకని ఎవరికీ బాధ్యత లేదనుకోవడం మాత్రం తప్పు. ఎలక్ట్రాన్ మాయం కాదు. ఒకరు దించిన బరువు మరొకరు ఎత్తుకొని తీరాలి. ఎవరి మీద పడుతున్నదో ఈస్ట్‌కు తెలిసే వీలు లేదు. మనకు ఉంది. కర్మ అంటే దేవుడు వేసే శిక్ష అని నేను అనుకోలేకపోయాను. అది బాకీ లాంటిదని, తీరేదాకా చేతులు మారుతూ ఉంటుందని అనుకుంటే నా మనసుకు ఎక్కింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రోశమ్మతో కలిసి సారా మీద లేచిన ఆడవాళ్లు ఏ దర్శనమూ చదవలేదు. ఇంట్లో ఒకడు తాగితే బరువు ఎవరెవరి మీద పడుతుందో వాళ్లు ఒళ్లు కాల్చుకొని నేర్చుకున్నారు. మరుసటి ఏడే అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. కల్లు గీసే ఇంట పుట్టినవాడినైనా వాళ్లకు నేను చేతులెత్తి మొక్కుతాను. లొట్టిని తిట్టుకోవడం దగ్గరే ఆగిపోకుండా ఆ బరువు ఎవరు మోస్తున్నారని అడిగింది వాళ్లే.

మీ ఇంట్లోనో వాకిట్లోనో తాగేవాళ్లుంటే ఒక్క మాట వినండి. తిట్టడం తర్వాత. ముందు తిన్నాడో లేదో అడగండి, మెలకువగా ఉంటే ముద్ద అన్నం పెట్టండి. తిండి లేకుండా తాగి పడుకున్న మనిషి ఒళ్లు చెమటలు పడుతున్నా, పిలిస్తే పలకకపోయినా, తెల్లారి దిగుతుందిలే అనుకోకండి. నోట్లో నీళ్లు పోయకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టి, ఆ రాత్రే 108కి ఫోన్ చేయండి. చక్కెర చూడమని మీరే అడగండి.